నెల రోజుల పందెం నిగ్రహం కాదు

నవంబరు నెలంతా వీర్యం నిలుపుకున్నవాడే మగాడన్న మాట ఇప్పుడు జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఇంటర్ చదివే కుర్రాళ్ల నోట కూడా వినిపిస్తోంది. దాని పేరు ‘నో నట్ నవంబర్’. ఒకటో తేదీ నుంచి ముప్పయ్యో తేదీ దాకా హస్తప్రయోగం ఉండకూడదు, సంభోగం ఉండకూడదు, ఏ రూపంలోనూ స్ఖలనం కాకూడదు. ఎన్నో రోజుకు చేరారో తోటివాళ్లకు చెప్పుకోవాలి. జారినవాడు ఔట్. 2010 ప్రాంతంలో ఇంగ్లిషు ఇంటర్నెట్‌లో సరదాగా పుట్టి, 2017 నుంచి ఊపందుకున్న పందెం ఇది. అక్కడ చాలామందికి ఇప్పటికీ ఆటవిడుపే. తెలుగులోకి వచ్చేసరికి ఆ సరదా పోయి ప్రవచనంగా మారింది. రీల్స్‌లో, యూట్యూబ్ ఉపన్యాసాల్లో దీన్ని బ్రహ్మచర్య సాధన అంటున్నారు, ఓజస్సు అంటున్నారు, మన సంస్కృతి అంటున్నారు.

వాళ్ల వాదన ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. కుర్రాళ్లు అర్ధరాత్రి దాకా ఫోనులో పోర్న్ చూస్తున్నారు. చదువు మీద మనసు నిలవడం లేదు. అలాంటివాళ్లకు ఒక నెల కట్టుబాటు పెట్టడంలో తప్పేముంది? వీర్యం శరీరానికి సారం, దాన్ని నిలుపుకుంటే బలం, తేజస్సు, జ్ఞాపకశక్తి పెరుగుతాయని పెద్దలే చెప్పారు. అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకున్నవాళ్లు మండలం రోజులు బ్రహ్మచర్యం పాటించడం లేదా? ఇదీ అలాంటి దీక్షే. నెల రోజులు ఆపుకోగలిగితే అలవాటు దానంతటదే తెగిపోతుంది. ఆపుకోలేకపోయినా పోయేదేమీ లేదు.

ఇలా అనేవాళ్లలో చాలామందికి దురుద్దేశం లేదు. పిల్లల మీద దిగులుతో అంటున్న తల్లిదండ్రులున్నారు, బాగుపడాలన్న ఆశతో పాటిస్తున్న యువకులున్నారు. అందుకే ఈ వాదనను ఊరికే కొట్టిపారేయకుండా ఒక్కొక్క ముక్కా తీసి చూడాలి. చూస్తే అందులో ఒక్కటీ నిలబడదు.

1. వీర్యం దాచుకుంటే పెరిగే సొమ్ము కాదు

నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యమని మనవాళ్లు చెప్పుకుంటారు. ఒకరు నలభై అంటే ఇంకొకరు ఎనభై అంటారు, మరొకరు వంద అంటారు. లెక్క ఇన్ని రకాలుగా ఉండటానికి కారణం, దాన్ని ఎవరూ ఏనాడూ కొలవకపోవడమే. కొలిచి తెలుసుకున్నది వేరే ఉంది. ఒకసారి వెలువడే వీర్యం మామూలుగా రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు. అందులో అధికభాగం శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ద్రవం. వీర్యకణాల వాటా కొద్ది శాతమే. వృషణాల్లో ఒక కణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ పని యుక్తవయసు నుంచి ముసలితనం దాకా రాత్రింబగళ్లు ఆగకుండా సాగుతూనే ఉంటుంది. బయటికి పోని కణాలు పాతబడతాయి. వాటిని శరీరమే విరిచి తనలో కలుపుకుంటుంది. ఎండాకాలం మున్నేటి ఇసుకలో తీసిన చెలమ లాంటిది ఈ ఏర్పాటు. తోడితే మళ్లీ ఊరుతుంది, తోడకపోతే అంచు దాటి పెరగదు. ముప్పై రోజులు నిలిపినవాడి ఒంట్లో ముప్పై రోజుల బలం పోగుపడిందనడానికి శరీరంలో అలాంటి చోటే లేదు.

నమ్మకం కుదరకపోతే సంతాన సాఫల్య కేంద్రంలో అడగండి. వీర్య పరీక్షకు వచ్చేవాళ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా ఆగి రమ్మంటారు. మరీ ఎక్కువ రోజులు ఆగితే పరిమాణం పెరుగుతుంది గానీ కణాల కదలిక తగ్గుతుంది. నిలిపేకొద్దీ సత్తువ పెరిగేదే అయితే నెలంతా ఆగి రమ్మనేవారు.

వారం ఆగితే టెస్టోస్టిరాన్ పెరుగుతుందని ఇంకో మాట చెబుతారు. దానికి ఆధారంగా చూపేది చైనాలో 28 మంది మీద జరిగి 2003లో వెలువడిన చిన్న పరిశీలన. అందులో ఏడో రోజున ఆ హార్మోను ఒక్కసారి ఎగిసింది. ఆ తర్వాత ఆగినకొద్దీ పెరుగుతూ పోయిందని అందులో కూడా లేదు. ఏడో రోజు కనిపించిన ఒక్క పెరుగుదలను పట్టుకుని ముప్పై రోజుల దీక్షకు పునాది వేయడం ఏ లెక్కన సబబు? ఇటు 2016లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటుంది. దాదాపు 32 వేల మంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి చేసినది. నెలకు 21 సార్లు, అంతకు మించి స్ఖలనం జరిగేవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు తక్కువగా కనిపించిందని అది చెప్పింది. దాన్నిబట్టి ఎవరూ స్ఖలనాన్ని మందుగా చేసుకోనక్కర్లేదు. స్ఖలనం ఒంటిని గుల్ల చేస్తుందన్న భయానికి అక్కడ చోటు లేదన్నదే నేననేది.

ఆయుర్వేదం చెప్పింది కదా అంటారు. చెప్పిందేమిటో చూద్దాం. శుక్రం ఏడు ధాతువుల్లో చివరిదన్నది నిజం, అతి కూడదన్నదీ నిజం. అయితే బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలను చరక సంహిత లెక్కపెట్టినప్పుడు మూత్రం, ఆకలి, దాహం, నిద్రలతో పాటు శుక్ర వేగాన్నీ చేర్చింది. వాగ్భటుడి అష్టాంగ హృదయం గృహస్థుకు రుతువును బట్టి పద్ధతి చెప్పింది. చలికాలంలో ఇష్టం ఉన్నట్టు, వసంత శరత్తుల్లో మూడు రోజులకోసారి, వర్షాకాలంలోనూ ఎండాకాలంలోనూ పక్షానికోసారి. నవంబరు శరత్తు చివర, చలికాలం మొదలు. వీళ్లు సాక్ష్యానికి పిలిచే గ్రంథమే ఆ నెలంతా ఆగమని గృహస్థుకు చెప్పడం లేదు.

ఈ భయం మన ఒక్కరిదే కూడా కాదు. 1760లో స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో హస్తప్రయోగం వల్ల మనిషి క్షీణించి పోతాడని పుస్తకం రాసి యూరప్‌నంతా వణికించాడు. తర్వాతి వైద్యం ఆ మాటను తప్పని తేల్చి వదిలేసింది. వాళ్లు వదిలేసిన భయాన్ని మనం ఇప్పుడు వాళ్ల పందెంతో పాటు తెచ్చుకుని సంప్రదాయమని పేరు పెడుతున్నాం.

2. ఇది దీక్ష కాదు

దీక్షతో పోలిక అన్నిటికంటే ఎక్కువమందిని ఒప్పిస్తోంది. దానికి కారణం క్యాలెండరులో ఉంది. పందెం నెలా, కార్తీకమూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. అయ్యప్ప మాలలు, ఇంద్రకీలాద్రి భవానీ మాలలు పడేది ఆ రోజుల్లోనే. మా పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ మాల వేసుకుని పెద్ద తిరునాళ్లకు విరమించేవాళ్లూ ఉన్నారు. అందువల్ల రెండూ ఒకటే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే రెండింటికీ పోలికే లేదు.

మాల వేసుకున్న మనిషి దినం ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. పీఠం ముందు పూజ, శరణుఘోష. కాళ్లకు చెప్పులుండవు. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం. చాప మీద పడక. మందు, పొగ, మాంసం బంద్. కోపం వచ్చినా నోరు జారకూడదు. ఎదురొచ్చింది పాలేరైనా, పసిపిల్లవాడైనా ‘స్వామీ’ అనే పిలవాలి. ఆడమనిషి ఎవరైనా మాతే. మాల వేసింది గురుస్వామి. తీసేది కూడా ఒక పద్ధతిలో, ఒక సన్నిధిలో. ఇంట్లోవాళ్లు కూడా ఆ రోజుల్లో తమ వంట, తమ నడత మార్చుకుని అతనితో పాటు దీక్షలో ఉన్నట్టే ఉంటారు. ఇన్ని నియమాల్లో బ్రహ్మచర్యం ఒకటి. ఇవన్నీ కలిసి అతని దృష్టిని తన మీంచి మళ్లించి దైవం వైపు, తోటి మనుషుల వైపు తిప్పుతాయి.

పందెంలో ఇవేవీ లేవు. గురువు లేడు, సన్నిధి లేదు. తిండి మారదు, మాట మారదు, అబద్ధం చెప్పినా, తాగినా, తల్లిని కసురుకున్నా పందెంలో ఓడిపోడు. ఉన్నది ఒక్కటే నియమం, దాని చుట్టూ ఒక్కటే లెక్క. నెలంతా ఆ కుర్రాడు దేన్ని మరిచిపోవాలనుకుంటున్నాడో దాన్నే తలుచుకుంటూ ఉంటాడు. దీక్షలో ఉన్న మనిషికి నిద్రలో స్ఖలనమైతే తలస్నానం చేసి కొనసాగమంటారు గురుస్వాములు. ఒంటికి తెలియకుండా జరిగినదానికి మనిషిని దోషిని చేయరు. చలామణిలో ఉన్న పందెం నిబంధనల్లో నిద్రలో ఒక్కసారికి మినహాయింపు, రెండోసారికి ఔట్. నిద్రపోతున్న శరీరాన్ని కూడా శిక్షించే నియమానికి ఆధ్యాత్మికమన్న పేరు తగదు.

ఇంకో మాట ఈ ఊరి తరఫున చెప్పాలి. పెనుగంచిప్రోలు గుడిలో తిరుపతమ్మ ఒంటరిగా లేదు, పక్కన భర్త గోపయ్య ఉన్నాడు. మాఘ పౌర్ణమికి వచ్చే పెద్ద తిరునాళ్లలో వాళ్లిద్దరికీ కల్యాణం జరుగుతుంది. మున్నేట్లో స్నానం చేసి వేలమంది ఆ కల్యాణం చూడటానికి వస్తారు. మన దీక్షలు సంసారాన్ని పాపంగా చూడవు. కొన్నాళ్లు పక్కన పెట్టి, మళ్లీ అందులోకే గౌరవంగా పంపిస్తాయి. దాంపత్యాన్ని శక్తి నష్టంగా చూసే మాట ఈ గుడి సంప్రదాయంలోంచి వచ్చింది కాదు.

3. నెల అన్న లెక్కకు ఆధారం లేదు

నెల రోజుల్లో అలవాటు మారుతుందన్నది మూడో వాదన. 21 రోజులు చాలన్న మాట కూడా దీని తోబుట్టువే. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోంచి అది పుట్టింది. శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ జారిపోయి, ముఖం జారిపోయి, చివరికి అన్ని అలవాట్లకూ సూత్రమై కూర్చుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం మామూలు మనుషుల దినచర్యలను నిజంగా కొలిచి చూస్తే, కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా వచ్చింది. అది కూడా రోజూ ఒక గ్లాసు నీళ్లు తాగడం, కాసేపు నడవడం వంటి కొత్త పని చేర్చుకోవడానికి పట్టిన కాలం. ఉన్న అలవాటును తీసేయడం ఇంకా వేరే పని. తీసేసిన చోట మరొకటి పెట్టకపోతే అది తిరిగి వస్తుంది.

ఇందుకు సాక్ష్యం మనకు దూరంగా లేదు. 41 రోజులు చుక్క ముట్టకుండా మాల నిలబెట్టుకున్న మనిషి, మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు ముందు నిలబడటం మన ఊళ్లలో అందరూ చూసిందే. గురువు, గుడి, ఇంటిల్లిపాది సాయం ఉన్న దీక్షకే మనిషిని మార్చడం కొన్నిసార్లు చేతకావడం లేదు. కారణం, తేదీ ముందే తెలిసిన ఎడబాటును మనసు ఓర్చుకుంటుంది గానీ మారదు. డిసెంబరు ఒకటో తేదీ ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టేవాడు మారుతున్నవాడు కాడు, ఎదురుచూస్తున్నవాడు.

4. ఓడిపోతే పోయేదేమీ లేదన్నది నిజం కాదు

పోయేది ఉంది. పదిహేడేళ్ల పిల్లవాడు తొమ్మిదో రోజున ఓడిపోతాడు. ఓడిపోయానని స్నేహితులకు చెప్పలేడు, చెప్పకపోతే అబద్ధం. వీర్యం పోతే బలం పోతుందని ముందే నమ్మించారు కాబట్టి మర్నాడు ఒళ్లు నొప్పులొస్తే దానివల్లే అనుకుంటాడు. పరీక్షలో మార్కులు తగ్గినా దానివల్లే, చెంపలు లోతుకు పోయినా దానివల్లే. కొన్నాళ్లకు మూత్రంలో తెల్లగా ఏదో పోతోందన్న అనుమానం పట్టుకుంటుంది. మనోవైద్యంలో ఈ బాధకు పేరుంది. 1960లో ప్రొఫెసర్ ఎన్.ఎన్. విగ్ దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. నీరసం, గుండెదడ, దిగులు, నిద్ర పట్టకపోవడం, అన్నీ నిజమైన బాధలే. వాటికి మూలం మాత్రం వీర్యం పోవడంలో లేదు, పోతోందన్న భయంలో ఉంది. నవంబరు పందెం ఆ భయాన్ని ఏటా కొత్త కుర్రాళ్లకు నేర్పుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ఒక రుగ్మతగా అది గుర్తించింది. అదుపు తప్పడం ఆరు నెలలు, అంతకు మించి సాగి తీవ్రమైన వేదన కలిగిస్తేనో, చదువూ ఉద్యోగమూ సంసారమూ దెబ్బతింటేనో మాత్రమే ఆ పేరు పెట్టాలంది. తప్పు చేశానన్న నైతిక వేదన ఒక్కటే కారణమైతే దాన్ని ఈ రుగ్మతగా లెక్కించకూడదని కూడా రాసింది. పందెం చేస్తున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. జబ్బు లేని పిల్లవాడికి అపరాధభావం అంటించి, అదే జబ్బని నమ్మిస్తోంది.

5. ఈ భయం మీద బతికేవాళ్లున్నారు

మన బస్టాండ్ల వెనక గోడలు, రైలుకట్ట పక్క ప్రహరీలు ఒకసారి చూడండి. ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది: నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, శీఘ్రస్ఖలనం, చిన్నప్పటి చెడు అలవాట్లు. కింద ఒక ఫోను నంబరు. ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో వైద్యుడు దొరుకుతాడని ఒక ముక్క. ఆ నాలుగు మాటల్లో ఏదో ఒకటి ఇంటర్ వయసు కుర్రాడిని వదలదు, ఎందుకంటే స్వప్నస్ఖలనం ఆ వయసులో మామూలు విషయం. మామూలు విషయానికి జబ్బు పేరు పెడితే ఊళ్లోని ప్రతి మగపిల్లవాడూ రోగే అవుతాడు. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చట్టం పుస్తకంలో ఉంది, రాతలు గోడ మీద ఉన్నాయి.

నవంబరు ప్రవచనాలు ఈ గోడరాతలకు కొత్త రూపం. ముందు వీర్యం గొప్పతనం, తర్వాత పోగొట్టుకున్నవాడి దీనస్థితి, చివర ఒక చూర్ణమో లేహ్యమో రుసుము కట్టి చేరే కోర్సో. భయం లేకపోతే ఆ అమ్మకం లేదు. విజయవాడలో నాస్తికవాది గోరా గారి కుమారుడు డాక్టర్ సమరం దశాబ్దాల పాటు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తూ హస్తప్రయోగం వల్ల బలహీనత రాదని తెలుగువాళ్లకు ఓపికగా చెప్పారు. అంత పని జరిగిన జిల్లాల్లోనే తాతల కాలం నాటి భయం మనవల ఫోనుల్లోకి తిరిగి వస్తుంటే మౌనంగా ఉండటం తప్పు.

6. ఆడవాళ్లను ప్రలోభంగా చూపే మాట

ఈ పందెం మాటల్లో ఆడమనిషి ఎక్కడ కనిపిస్తుందో గమనించండి. నిగ్రహాన్ని చెడగొట్టే వస్తువుగా కనిపిస్తుంది, చూపు తిప్పుకోవాల్సిన ప్రమాదంగా కనిపిస్తుంది. పెళ్లైనవాడు పందెంలో దిగితే భార్య ఇష్టాయిష్టాల ప్రస్తావనే రాదు. నెలంతా ఆమె అతని శక్తిని లాక్కుపోయే మనిషిగా మిగులుతుంది. దీక్షలో మాతగా చూడమన్న సంప్రదాయానికీ, పందెంలో ఉచ్చుగా చూడమన్న ఈ మాటకూ పొత్తు కుదరదు. అత్తింటి ఆరళ్లు భరించిన కోడలు తిరుపతమ్మను దేవతగా కొలిచే ఊరు మాది. మగవాడి బలహీనతకు ఆడదాన్ని బాధ్యురాలిని చేసే మాట ఇక్కడ చెల్లకూడదు.

పైగా అలా పెరిగిన కుర్రాడు రేపు భర్త అవుతాడు. ఒంటిని శత్రువుగా, కోరికను ఓటమిగా చూడటం నేర్చుకున్నవాడు మొదటిరాత్రి భయంతో గదిలోకి వెళతాడు. భార్యతో ఏదీ మాట్లాడలేడు. ఆ మౌనాన్ని ఏళ్ల తరబడి మోసేది ఆ అమ్మాయే.

7. ‘మరి పోర్న్ సంగతేమిటి?’

ఈ ప్రశ్న సరైనదే. అర్ధరాత్రి దాకా పోర్న్ చూసే అలవాటు నిద్రను, చదువును పాడుచేస్తుంది. అందులో చూపే క్రూరత్వమే సంబంధమని పిల్లలు అనుకోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. దాన్ని నేను తక్కువ చేయను. అయితే పందెం ఈ రెండింటినీ కలిపేసింది. పోర్న్ చూడటం ఒక సమస్య, స్ఖలనం శరీరధర్మం. మొదటిదాన్ని వదలమనడానికి రెండోదాన్ని పాపం చేయనక్కర్లేదు. చాలామంది పాటించే పందెం నిబంధనల్లో పోర్న్ చూడొచ్చు, స్ఖలనం కాకపోతే చాలు. అంటే నిజంగా హాని చేసేదాన్ని వదిలేసి, హాని లేనిదాన్ని పట్టుకున్నారు. ఈ ఒక్క వైరుధ్యం చాలు, ఇది పిల్లల మేలు కోసం పుట్టింది కాదని చెప్పడానికి.

పోర్న్ వదలడానికి మార్గాలు తెలిసినవే. రాత్రి ఫోను పడకగది బయట పెట్టడం, ఒంటరితనం ఏ గంటలో తరుముతుందో గమనించి ఆ గంటకు ఒక ఆట గానీ ఒక పని గానీ పెట్టుకోవడం, మనసు విప్పి చెప్పుకోగల ఒక మనిషిని సంపాదించుకోవడం. జారితే మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. ఔట్ అనేది ఉండకూడదు. అదుపు నిజంగా తప్పిందనిపిస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఏం చేయాలి

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. మన బడుల్లో చాలాచోట్ల ఆ పాఠం వచ్చేసరికి ‘ఇంటిదగ్గర చదువుకోండి’ అని పేజీలు తిప్పేస్తారు. ఇంటిదగ్గర ఎవరూ చెప్పరు. ఆ ఖాళీలోకే గోడరాతలొచ్చాయి, ఆ ఖాళీలోకే ఇప్పుడు నవంబరు పందెం వచ్చింది. ఉపాధ్యాయులు ఆ పాఠం చెప్పాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ చెప్పాలి, సిగ్గుపడకుండా చెప్పాలి. తండ్రులు కొడుకులతో ఒక్కసారైనా కూర్చుని, ఇది జబ్బు కాదురా, అందరికీ ఉండేదేనని ఒక్క మాట అనాలి. ఆ ఒక్క మాట ఎన్ని లాడ్జి వైద్యాలనైనా ఆపుతుంది. గురుస్వాములకు నా మనవి ఇంకా సూటిగా ఉంది: మీ దీక్ష పేరును ఈ పందేనికి వాడుకోనివ్వకండి. మాలకూ దీనికీ సంబంధం లేదని పీఠం దగ్గరే చెప్పండి.

ఇక కుర్రాళ్లతో. నిగ్రహం కావాలంటే నిగ్రహం నేర్చుకోవడానికి బోలెడు చోట్లున్నాయి. కోపం వచ్చినప్పుడు నోరు అదుపులో పెట్టుకోవడం నిగ్రహం. వద్దన్న అమ్మాయి వెంట పడకపోవడం నిగ్రహం. స్నేహితులు ఎగదోసినా తాగి బండి నడపకపోవడం నిగ్రహం. వీటికి నెల గడువు లేదు, వీటివల్ల ఇంకొక మనిషికి మేలు జరుగుతుంది. నవంబరు పందెం వల్ల ఎవరికీ మేలు లేదు, పాటించేవాడికి అసలే లేదు. మీ ఒళ్లు మీకు శత్రువు కాదు. అది శత్రువని చెప్పేవాడు స్వామి వేషంలో వచ్చినా, డాక్టరు వేషంలో వచ్చినా, స్నేహితుడిలా ఫోనులో పలకరించినా నమ్మకండి. ఈ పందెంలో దిగకండి, దిగినవాళ్లు నవంబరు ముగియక ముందే బయటికి రండి.